పలకరించకూడని మనుషులు

కళ్ళద్దాల కొట్టు పక్క సందులోంచి మెట్లెక్కితే రెండో అంతస్తులో ఆవిడ గది. ఆవిడ చదువేమిటో, పనేమిటో కొట్టాయనకి ఇప్పటికీ సరిగ్గా అంతుబట్టలేదు. గది అద్దెకి తీసుకున్న కొత్తలో ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు పైకి మోయించిందని మాత్రం తెలుసు. పేము కుర్చీ ఒకటి, చక్రాల కుర్చీ ఒకటి, చేతుల్లేని చెక్క కుర్చీ ఒకటి, కూర్చుంటే మనిషి సగం మునిగిపోయే సోఫా కుర్చీ ఒకటి, చివరగా ఒక ముక్కాలిపీట. "ఏమ్మా, పాత సామాన్ల కొట్టు పెడుతున్నారా?" అని ఆయన ఆరా తీస్తే, "కాదండీ, మనుషులు కూర్చోడానికి" అంది. ఆ సమాధానంతో ఆయన అయోమయం రెట్టింపయింది గానీ, ఆ రోజు నుంచి ఆవిడ వీధి వీధంతటికీ కుర్చీల మేడమ్ అయిపోయింది.

ఆవిడ కౌన్సెలర్. పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అన్నా తాను మగవాడినని తెలిసిన వాళ్ళు, మగపిల్లాడన్నా తాను ఆడదాన్నని తెలిసిన వాళ్ళు, ఆ రెండు మాటల్లో ఏదీ తమకి అతకదని లోలోపల నలిగిపోయేవాళ్ళు ఆవిడ దగ్గరికి వస్తారు. మీసాలు రాని పిల్లలూ వస్తారు, మనవలున్న పెద్దవాళ్ళూ వస్తారు. చాలామంది ఊరికే రారు, దెబ్బలు తినే వస్తారు. ఒంటి మీద కొన్ని, మనసు మీద బోలెడు. ఆవిడ ఎవరినీ మార్చబోదు, ఎవరినీ తొందరపెట్టదు. నిన్నేమని పిలవమంటావని అడుగుతుంది, అలాగే పిలుస్తుంది. ఈవిడ పిల్లల్ని చెడగొడుతోందని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆ మెట్లెక్కి చూసిన పాపాన పోలేదు.

కుర్చీల సంగతి ఇది. వచ్చినవాళ్ళు ముందు తమకి నచ్చిన కుర్చీ ఎంచుకుంటారు, నచ్చిన చోటికి జరుపుకుంటారు. మిగిలినవాటిలో ఒకదాంట్లో ఆవిడ కూర్చుంటుంది, అదీ తలుపుకి అడ్డం రాకుండా. దెబ్బలు తిన్న మనిషికి లేచి వెళ్ళిపోయే దారి కళ్ళకి కనబడుతూ ఉండాలి. అప్పుడే మనసు కుదుటపడుతుంది. బస్సులు బాగుచేసే మెకానిక్ ఒకరు డ్యూటీ దిగి నేరుగా వస్తారు. చేతులకున్న గ్రీజు పోయేదాకా సబ్బుతో కడుక్కుని, పేము కుర్చీలో ఒద్దికగా కూర్చుని, "ఇక్కడున్నంతసేపూ నన్ను చెల్లెమ్మా అనండి మేడమ్" అంటారు. మేడమ్ అలాగే అంటుంది. ఆ గంటసేపూ ఆ మొహంలో కనబడే నెమ్మది షెడ్డులో ఎవరూ చూసి ఉండరు.

ఇంటి దగ్గర ఆవిడకి ఒక అక్క ఉంది. ఇద్దరూ ఒంటరివాళ్ళే, ఒకే ఇంట్లో ఉంటారు. అక్క జీవితమంతా టైపు నేర్పింది. ఆ టకటకల్లోనే చెవులు పోయాయో, వయసు మీద పడి పోయాయో గానీ, ఇప్పుడు ఏ మాటైనా రెండోసారి అరిచి చెబితేనే వినబడుతుంది. చెవికి పెట్టుకునే మిషను కొనిపెడితే అది పెట్టెలో భద్రంగా దాచింది. "మా చెల్లెలు కళ్ళద్దాల కొట్టు పైన పనిచేస్తుంది. ఏం చేస్తుందని అడక్కండి. ఎవరొచ్చారంటే చెప్పదు, ఏమన్నారంటే చెప్పదు. దాని నోరు విప్పించడం నావల్ల కాలేదు" అని అందరితోనూ అంటూ ఉంటుంది. ఆ మాట నిజమే. మేడమ్ వృత్తిలో గుట్టే సగం పని.

అందులో భాగంగా కౌన్సెలర్లకో పద్ధతి ఉంది. తన దగ్గరికి వచ్చే మనిషి బజార్లో ఎదురైతే కౌన్సెలర్ తనంతట తాను పలకరించదు. చూసీ చూడనట్టు వెళ్ళిపోతుంది. ఆ మనిషే వచ్చి నమస్కారమంటే తానూ అంటుంది, లేదంటే ముక్కూమొహం తెలియనట్టే. ఆవిడతో చదువుకున్న ఇంకో కౌన్సెలర్ తన దగ్గరికి వచ్చే ఒకరిని క్యూలో నోరారా పలకరించాడట. ఆ మనిషి పక్కనున్న బావమరిది "ఈయనెవరు, నీకెలా తెలుసు?" అని మొదలుపెట్టి కూపీ లాగి, ఆఖరికి ఆ మనిషికి ఇంట్లో నిలువ నీడ లేకుండా చేశాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి మేడమ్‌కి బజారుకి వెళ్తే మెడ వంచుకుని నడవడం అలవాటైపోయింది. పొగరుబోతు అని పేరు కూడా వచ్చింది. రానీ అనుకుంది.

మేడమ్ దగ్గరికి వచ్చే కెప్టెన్ వాళ్ళింట్లో అందరికీ అమ్మాయి. బడిలో ఆటల జట్టుకి నాయకత్వం చేసినప్పుడు తోటిపిల్లలు కెప్టెన్ అని పిలిచారు. వాడికి ఆ పిలుపు ఒంటికి సరిపోయిన చొక్కాలా అనిపించింది. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేను అబ్బాయినే మేడమ్. ఇంట్లోవాళ్ళకే తెలీదు" అని వాడు మొదట చెప్పుకున్నది మేడమ్‌కే. అంతకుముందు ఒక సెలవురోజు అద్దం ముందు నిలబడి కత్తెరతో జడ కత్తిరించేసుకున్నాడు. ఆ ఇంట్లో అందరూ వాళ్ళ బాబాయి మాటకే ఎదురుచూస్తారు. ఆయన బుద్ధి రావాలని వాణ్ణి సామాన్ల గదిలో పెట్టి పగలంతా తాళం వేశాడు. వాళ్ళమ్మ తలుపు అవతలే కూర్చుంది. ఏడ్చింది, కానీ తలుపు తియ్యలేదు. తర్వాత పిల్ల చదువు మీద ధ్యాస పెట్టడం లేదని బాబాయికి చెప్పి, ఎవరో నర్సమ్మ చెప్పిన ఆచూకీ పట్టుకుని మేడమ్ దగ్గరికి తీసుకొచ్చింది. చదువు బాగుపడడానికే తీసుకెళ్తున్నారని బాబాయి ఇప్పటికీ అనుకుంటున్నాడు.

మొదటి రోజు వాడు ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. చాలా రోజులు నిలబడే మాట్లాడాడు. తర్వాత ముక్కాలిపీట గడప దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా చక్రాల కుర్చీ ఎక్కి గదంతా తిరగడం మొదలుపెట్టాడు. తిరుగుతూనే బడి కబుర్లు, ఆట కబుర్లు, అప్పుడప్పుడు ఆ సామాన్ల గది కబుర్లు చెప్పేవాడు. పిల్లాడు తేరుకుంటున్నాడని మేడమ్ లోలోపల మురిసిపోయింది. క్రితంసారి వచ్చినప్పుడు, "అమ్మ ఈ మధ్య నన్ను అదోలా చూస్తోంది మేడమ్. కోపంగా కాదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు" అన్నాడు. "నీకేమనిపిస్తోంది?" అని అడిగితే భుజాలెగరేసి నవ్వాడు.

ఆ వారాంతంలో తలుపు తెరలకి గుడ్డ కొనాలని అక్క ప్రాణం తోడేస్తే మేడమ్ బట్టల కొట్టుకి వెళ్ళింది. అక్క ప్రతి తానూ విప్పించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అమ్మేవాళ్ళ ఓపిక పరీక్షిస్తోంది. అవతలి వరసలో కెప్టెన్, వాళ్ళమ్మ కనబడ్డారు. వాడి చూపు మేడమ్ మీద పడింది. మొహం విప్పారింది. చెయ్యి సగం పైకి లేచింది. సగం లేచిన చెయ్యి పలకరింపు కింద లెక్కా, కాదా? మేడమ్‌కి ఆ క్షణంలో ఏమీ తోచలేదు. పక్కన వాళ్ళమ్మ ఉంది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో తెలియదు, బాబాయి కూడా వచ్చి ఉండొచ్చు. చటుక్కున తలొంచుకుని గుడ్డ మీది చారల్ని దీక్షగా చూడసాగింది.

"ఎవరే ఆ అబ్బాయి? నీకేసి చూసి చెయ్యూపుతున్నాడు" అంది అక్క.

"తెలీదక్కా" అంది మేడమ్ గొంతు తగ్గించి.

"ఆఁ?"

"తెలీదక్కా! ఎవరో!"

అక్కకి వినబడిందంటే కొట్టు మొత్తానికి వినబడిందనే అర్థం. గల్లా దగ్గరున్నాయన కూడా తలెత్తి చూశాడు. మేడమ్ గుడ్డ చింపించి, అక్క చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా బయటపడింది. అక్కంతటి అక్క పక్కనున్నా పిల్లాడి గుట్టు కాపాడానని ఆ సాయంత్రం ఆవిడకి కాస్త గర్వం కూడా వేసింది. ఆ గర్వం సంగతి తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాతి వారం కెప్టెన్ రాలేదు. పరీక్షలేమో అనుకుంది. ఆ తర్వాతి వారమూ రాలేదు. జ్వరమేమో అనుకుంది. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే, "పరీక్షలండీ, కుదరదండీ" అని ముక్తసరిగా పెట్టేసింది. ఆ బడికి పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మేడమ్ వాడు వచ్చే గంట ఇంకెవరికీ ఇవ్వకుండా అలాగే అట్టేపెట్టి, చక్రాల కుర్చీ ఎదురుగా చేతుల్లేని కుర్చీలో కూర్చునేది. మెట్ల మీద ఏ అడుగు చప్పుడైనా వాడే అనుకునేది. కళ్ళద్దాల కొట్టాయన కుర్రాళ్ళు అట్టపెట్టెలు మోసుకెళ్తుంటే నాలుగుసార్లు తలుపు దాకా వెళ్ళొచ్చింది.

ఏం తప్పు చేశానా అని వెతకడం మొదలుపెట్టింది. ఆ సామాన్ల గది గురించి తొందరపడి అడిగానా? నేను అడగలేదే, వాడే చెప్పాడే. నవ్వకూడని చోట నవ్వానా? వాళ్ళమ్మ గురించి అడిగిన ప్రశ్న గుచ్చుకుందా? వాడే నవ్వాడు కదా. లేకపోతే బాబాయికి తెలిసిపోయిందా? మళ్ళీ ఆ గదికి తాళం పడిందా? ఇంటికి వెళ్ళి తలుపు తట్టుదామంటే, ఈవిడెవరని బాబాయి అడిగితే ఏమని చెప్పాలి? వెళ్ళకుండా ఉందామంటే, లోపల పిల్లాడు ఎలా ఉన్నాడో? వెళ్ళినా వాడికే దెబ్బ, వెళ్ళకపోయినా వాడికే దెబ్బ అన్నట్టుంది. అందరి చిక్కుముళ్ళూ ఓపిగ్గా విప్పే మనిషి తన చిక్కుముడి కొస ఎక్కడుందో కూడా కనుక్కోలేకపోయింది. అక్క ఏదో అడిగితే ఇంకేదో చెప్పేది. "నాకా చెవుడు, నీకా?" అని అక్క కసురుకునేది.

కౌన్సెలర్‌కీ ఒక పెద్దదిక్కు ఉంటారు. పని మీద సందేహం వస్తే వెళ్ళి చెప్పుకోవాలి, అదీ వాళ్ళ పద్ధతే. మేడమ్ పెద్దదిక్కు ఆవిడకి పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన ఇప్పుడు పాఠాలు మానేసి కుండీల్లో మొక్కలు పెంచుతున్నాడు. పండుటాకులు తుంచుతూనే అన్నీ వింటాడు, వింటున్నాడా లేదా అని మనకి అనుమానం వచ్చే వేళకి ఒక ప్రశ్న వేస్తాడు. మేడమ్ పేర్లూ ఊర్లూ లేకుండా జరిగిందంతా చెప్పింది. బట్టల కొట్టు సంగతి ఆఖర్న, దానికేం పెద్ద విశేషం లేనట్టు, ఒక ముక్కలో చెప్పింది.

మాస్టారి చెయ్యి ఆగింది. "బయట కనిపిస్తే పలకరించనని మొదటి రోజు వాడికి చెప్పావా?"

"చెప్పే ఉంటాను మాస్టారూ. అందరికీ చెప్తానుగా."

"చెప్పావా? చెప్పే ఉంటావా?"

మేడమ్ గుర్తుచేసుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి చిలక్కి నేర్పినట్టు మూడు మాటలు చెబుతుంది. ఈ తలుపుకి గడియ ఉండదు. ఇక్కడ ఏం చేసినా నిన్ను అడిగే చేస్తాను. బయట ఎదురైతే నేను ముందు పలకరించను, అది నీ మంచికే. ఈ మూడోమాట తన గొంతుతోనే చెవిలో వినిపిస్తోంది. కానీ ఆ మాట అన్నప్పుడు ఎదురుగా ఉన్నది ఎవరు? మెకానిక్కా? కిందటేడు వచ్చిన కాలేజీ పిల్లా? కెప్టెన్ మొదటి రోజు తలుపు పట్టుకుని వణుకుతున్నాడు. అంత బెదిరిన పిల్లాడికి ఒకేసారి అన్ని మాటలు చెబితే తలకెక్కవు. గడియ సంగతి, అడిగే చేస్తానన్న సంగతి చెప్పి, మూడోది ఇంకోసారి చెబుదాంలే అనుకున్నట్టు గుర్తు. ఇంకోసారి వాడే గడగడా మాట్లాడాడు. నోరు విప్పిన పిల్లాణ్ణి మధ్యలో ఎవరు ఆపుతారు? ఆపకూడదని నేర్పింది ఈ మాస్టారే.

"చెప్పలేదనుకుంటాను" అంది. "చెప్పానేమో కూడా. నాకు తెలీడం లేదు మాస్టారూ."

"కంగారు పడకు. వాడు తెలివైనవాడంటున్నావు. ఒక్కసారి మొహం తిప్పుకున్నంత మాత్రాన..." అని ఆయన మళ్ళీ ఆకుల్లో పడిపోయాడు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఇంకేదో ఉండి ఉంటుంది" అన్నాడు.

ఆ మాటతో మేడమ్‌కి ఉన్న కాస్త తెలివీ గందరగోళంలో పడింది. తప్పు దొరికిందనుకునే లోపే అది తప్పో కాదో తెలియకుండా పోయింది. దారి పొడుగునా తనలో తాను వాదించుకుంటూ ఇంటికి చేరింది.

ఆ వారం కెప్టెన్ వచ్చే గంటకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది వాళ్ళమ్మ. ఆసుపత్రిలో దుప్పట్లూ కోట్లూ ఉతికి ఇస్త్రీ చేసే చోట ఆవిడ పని. చేతులకి ఇంకా ఆవిరి వాసన ఉంది. కుర్చీలన్నిటినీ ఒక్కొక్కటే చూసి, ఎందులో కూర్చోవాలో తెలియక నిలబడిపోయింది. మేడమ్ "మీకు ఏది బావుంటే అది" అనేసరికి ఇంకా తికమకపడి, ఆఖరికి ముక్కాలిపీట మీద కొసకి కూర్చుంది.

"మీతో పోట్లాడదామని వచ్చాను మేడమ్" అంది. "దారంతా అన్నీ కూడబలుక్కున్నాను. ఇక్కడికొచ్చాక మాటలు రావడం లేదు."

"తొందర లేదు. మీకు ఎలా వస్తే అలా చెప్పండి."

ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మా అమ్మాయి... వాడు... ఏమనాలో నాకే తెలీదు మేడమ్. ఇంట్లో ఒకటి అంటాను, మనసులో ఒకటి అనుకుంటాను. రెంటికీ మధ్య నా బుర్ర తిరిగిపోతోంది. ఆ రోజు తలుపు తియ్యలేదు నేను. తాళంచెవి మా మరిది జేబులో ఉంది. అడగొచ్చు. అడగలేదు. అప్పట్నుంచి ఆ తప్పుకి బదులుగా ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒకటి చెయ్యాలి అని లోపల ఒకటే పోరు. ఏం చెయ్యాలో తెలీదు. ఆఖరికి ఒక చొక్కా కొందామనుకున్నా."

"చొక్కా?"

"మగపిల్లల చొక్కా. ఆ రోజు కొట్టులో మేం దానికోసమే ఉన్నాం. వాడికి కూడా చెప్పలేదు, దుప్పటి కొనాలని తీసుకెళ్ళా. మగపిల్లల వైపుకి వెళ్ళడానికే నాకు చాలాసేపు పట్టింది. రోజూ ఎవరెవరి చొక్కాలకో ఇస్త్రీ చేస్తాను, ఏ కాలరు ఎన్నాళ్ళు నిలబడుతుందో ముట్టుకుంటే చెప్తాను. మంచిది ఒకటి ఏరాను. వాడి భుజాలకి ఆనించి చూశా. వాడు ఊపిరి కూడా పీల్చలేదు మేడమ్, కదిలితే నేనెక్కడ మనసు మార్చుకుంటానో అని. అప్పుడే మీరు కనబడ్డారు. దేవుడే పంపించాడనుకున్నా. మీరొచ్చి ఒక్క మాట, బావుందమ్మా అంటే చాలు, ఇంక నేనెవరికీ భయపడనవసరం లేదనుకున్నా."

మేడమ్ చూపు ఖాళీగా ఉన్న చక్రాల కుర్చీ మీద పడింది.

"మీరు మొహం తిప్పుకున్నారు. తెలీదు, ఎవరో అన్నారు. అందరికీ వినబడేలా అన్నారు. ఇంత చదువుకుని, ఇదే పనిగా పెట్టుకున్నావిడకే మా వాడి పక్కన కనబడ్డానికి సిగ్గేస్తే, ఇది నిజంగా సిగ్గుపడాల్సిందే కాబోలు అనుకున్నా. చొక్కా మడతపెట్టి తీసిన చోటే పెట్టేశా. వాడు ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, 'నేనెవరికీ తెలీకుండా ఉంటేనే మంచిదిలే అమ్మా' అన్నాడు."

కొన్ని ప్రశ్నలు చుట్టూ తిప్పి అడగకూడదు. మేడమ్ సూటిగానే అడిగింది. "చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా? దెబ్బ తగిలించుకోవడం లాంటిది ఏమైనా?"

"లేదు, లేదు. నేనూ అదే భయంతో అడిగేశాను. అలాంటిదేం లేదన్నాడు. తింటున్నాడు, బడికి వెళ్తున్నాడు. మాట్లాడ్డం లేదంతే."

మేడమ్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆపైన పద్ధతి గురించి చెప్పింది. ఎందుకు పలకరించదో, పలకరిస్తే ఎవరెవరికి ఏమేమి జరిగాయో, వెనకాల బాబాయి ఉన్నాడేమోనని ఎంత బెదిరిందో అంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే చప్పగా వినబడ్డాయి. ఎదుటావిడ మొహంలో కోపం పోయి అయోమయం వచ్చింది. కోపమే నయమనిపించింది మేడమ్‌కి.

"అంటే మా మంచికే తెలీదన్నారా?"

"అవునమ్మా."

"మరి మాకెవరు చెప్పారు ఆ సంగతి?"

"ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది" అంది మేడమ్. ఇన్నేళ్ళ పనిలో వచ్చినవాళ్ళ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని పెట్టుకున్న నియమం కూడా ఆ పూట నిలబడలేదు. "వాడెక్కడున్నాడు ఇప్పుడు?"

"కింద. మెట్ల దగ్గర కూర్చున్నాడు. పైకి రమ్మంటే రానన్నాడు. ఇంటికి పొమ్మంటే పోనన్నాడు."

ఆవిడ చెప్పడం పూర్తికాకుండానే మేడమ్ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. సగం మెట్లు దిగాక కాళ్ళు ఆగిపోయాయి. కింద వీధి. కొట్టాయన గాజు బీరువా తుడుచుకుంటున్నాడు, మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఈ మెట్టు దాటితే అది బయట. బయట వాడిని తానుగా పలకరించకూడదు. వాడు ఆఖరి మెట్టు మీద వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. వెనకనుంచి వెళ్తే ఉలిక్కిపడతాడు, దాటుకుని ముందుకి వెళ్తే దారికి అడ్డం నిలబడినట్టవుతుంది. ఏం చెయ్యాలో తెలియక, నేర్చిన విద్యంతా నెత్తిన పెట్టుకుని, కుర్చీల మేడమ్ మధ్య మెట్టు మీద అలాగే చతికిలబడింది. వెనకాల వాళ్ళమ్మ కూడా ఆగిపోయింది.

చప్పుడుకి కెప్టెన్ తల తిప్పాడు. చూశాడు. మళ్ళీ వీధి వైపు తిరిగిపోయాడు. వాడి చూపు ఆవిడ మీదుగా, అక్కడ గోడ తప్ప ఏమీ లేనట్టు వెళ్ళిపోయింది. అలా చూస్తే ఎలా ఉంటుందో మేడమ్‌కి మొదటిసారి తెలిసింది. చాలా బాధగా ఉంది.

"నేనంటే సిగ్గా మేడమ్?" అన్నాడు వీధికేసి చూస్తూనే.

"కాదు."

"మరి?"

మళ్ళీ పద్ధతి, మళ్ళీ కారణాలు. ఈసారి సగంలోనే వాడు తిరిగి చూశాడు. "మీరే కదా అన్నారు, ఏం చేసినా నన్ను అడిగే చేస్తానని. దీనికి అడగలేదేం?"

ఇన్నేళ్ళుగా మేడమ్ అందరికీ ఒకటే మాట, ఒకటే తీరుగా చెబుతూ వచ్చింది. ఎవరి కుర్చీ వాళ్ళని ఎంచుకోమంటుంది గానీ, బయట తనని ఎలా చూడమంటారని ఇన్నాళ్ళలో ఒక్కరిని కూడా అడగలేదు. ఎందుకు తోచలేదో ఆవిడకే అర్థం కాలేదు.

"ఇప్పుడు అడగొచ్చా?"

వాడు భుజాలెగరేశాడు.

"బయట ఎదురైతే నేనేం చెయ్యాలి?"

కొట్టాయన తుడిచిన గాజే మళ్ళీ తుడుస్తూ ఒక చెవి ఇటు పడేశాడు. "నేనొక్కణ్ణే ఉంటే పలకరించండి" అన్నాడు కెప్టెన్. "బడివాళ్ళతో ఉంటే... ఏమో తెలీదు. అప్పుడు నా మొహం చూసి చెప్పుకోండి. అమ్మ ఉంటే సరే." చెప్పు కొసతో నేల గీస్తూ, "బాబాయి ఉంటే వద్దు" అన్నాడు.

"సరే. అలాగే."

"అలా కాదు" అంది పైనుంచి వాళ్ళమ్మ.

ఇద్దరూ తల తిప్పి చూశారు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. చీరకొంగు వేలికి బిగుసుకుపోయి ఉంది.

"నేను పక్కనుంటే, మా మరిది ఉన్నా సరే, పలకరించండి మేడమ్. కెప్టెన్ అనే పిలవండి. ఎవరీవిడని ఆయన అడిగితే నేను చెప్తాను."

"ఏం చెప్తావమ్మా?" అన్నాడు కెప్టెన్. గొంతు సన్నగా వచ్చింది, చిన్నపిల్లాడి గొంతులా.

"ఏమో, నాకేం తెలుసు. అప్పుడు ఏదొస్తే అది చెప్తాను. భయంగానే ఉంది. అయినా పలకరించమను."

వాడు వాళ్ళమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ ఒక్కొక్క మెట్టే దిగి, మేడమ్‌ని దాటుకుని వచ్చి, వాడి పక్కన, వీధిలో వెళ్ళేవాళ్ళందరికీ కనబడేలా కూర్చుంది.